ఏ-6 ఎవరితో ఏమని ఒప్పుకున్నాడు?

మా ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టమని నా దగ్గరికే తెస్తారు. బడి నుంచి రిటైరయ్యాను గానీ ఈ కొలువు నుంచి మాత్రం రిటైర్మెంట్ లేదు. బ్యాంకు నోటీసులు, సర్వే నోటీసులు, అన్నదమ్ముల పంపకాల కాగితాలు చదివి చదివి ఆ భాష అలవాటైపోయింది. ఈసారి వచ్చిన కాగితం మా ఇంటిదే. మా మేనబావ మీద వేసిన ఛార్జిషీటు. అందులో ఆయన ఏ-6, అంటే ఆరో నిందితుడు.

ఛార్జిషీటు దండిగానే ఉంది. బావ పేరు ఎక్కడెక్కడ ఉందో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ పోయాను. నిందితుల జాబితాలో ఉంది. దొంగ సేల్ డీడ్ చివర సాక్షుల దగ్గర సంతకం, వేలిముద్ర ఉన్నాయి. ఏ-1తో ఫోన్లో మాట్లాడినట్టు కాల్ డేటా ఉంది. ఇక మిగిలింది ఒక్క వాక్యం. ఏ-1 నుంచి ఏ-6 వరకు అందరూ కుమ్మక్కై, ముందస్తు పథకం ప్రకారం నేరపూరిత కుట్ర పన్ని ఫిర్యాదుదారుణ్ని మోసం చేశారని. ఎప్పుడు కుమ్మక్కయ్యారు, ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఎవరికి ఏం చెప్పారు, బావకు ఎంత ముట్టింది అని వెతికితే ఒక్కదానికీ జవాబు దొరకలేదు.

సంగతి చాలామందికి తెలిసిన బాపతే. హనుమకొండ శివారులో ఒక ప్లాటు. యజమాని ఎక్కడో దూరాన ఉంటాడు. ఆయన పేరుతో ఇంకొకణ్ని నిలబెట్టి, దొంగ ఆధార్, దొంగ లింకు డాక్యుమెంటు సృష్టించి అమ్మేశారు. కొన్నది భూపాలపల్లిలో సింగరేణి పని చేసి రిటైరైన పెద్దాయన. ఏ-1 మా పక్క ఊరి బ్రోకర్. బావకు ట్రాక్టర్ ఉంది, ఏటా ఏ-1 పొలం దున్నేది ఆయనే. రొటోవేటర్ బ్లేడ్ల కోసం హనుమకొండ పోయిన రోజున ఏ-1 ఫోన్ చేశాడు. “అన్నా, సాక్షి ఒకడు తక్కువైండు, అయిదు నిమిషాల పని, జెర వచ్చిపో.” పోయాడు, సంతకం పెట్టాడు, చాయ్ తాగి వచ్చాడు. 2021లో కేసయింది. ఐపీసీలో మోసానికి, ఫోర్జరీకి ఉన్న 420, 467, 468, 471, వాటి వెనక కుట్రకు 120-బి.

ఆ చివరి నంబరు మీదే నా గొడవంతా. కుట్ర సెక్షన్ అక్కర్లేదని నేను అనను. ఒక్కో నిందితుడి పేరు ఎదుట “వీడు ఎవరితో ఏమని ఒప్పుకున్నాడు, వీడికి సంగతి తెలుసనడానికి ఏముంది” అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాయకుండా ఆ సెక్షన్ తగిలించనివ్వకూడదని నా వాదన. అదీ తీర్పు రోజున కాదు, కేసు మొదట్లోనే.

అనుకుంటేనే నేరం

ఇద్దరు గానీ, అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి చట్టవిరుద్ధమైన పని చేద్దామని, లేదా మామూలు పనినే అడ్డదారిలో చేద్దామని ఒప్పుకుంటే కుట్ర. ఐపీసీలో 120-ఏ, 120-బి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 61వ సెక్షన్. బావ వ్యవహారం అంతకుముందుది కాబట్టి పాత నంబర్లే నడుస్తున్నాయి. విషయం పెద్దగా మారలేదు.

అనుకున్నది నేరమైతే ఆ ఒప్పందంతోనే కుట్ర పూర్తయినట్టు. తర్వాత ఎవరూ అడుగు ముందుకు వేయకపోయినా సరే. అనుకున్నది నేరం కాని ఇంకేదైనా చట్టవిరుద్ధమైన పని అయితే మాత్రం, మాట దాటి కనీసం ఒకరైనా ఆ దిశగా ఏదో ఒకటి చేసి ఉండాలి. 1961లో మేజర్ బార్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. ఒప్పుకున్న పని జరగకపోయినా ఒప్పుకున్నవాళ్లు దోషులే.

బావ నన్ను మొదట అడిగింది శిక్ష గురించి. ఎవరో సెల్లులో చూసి 467కు యావజ్జీవం అని చెప్పారట. “దున్నుకునేటోనికి యావజ్జీవమా బావా” అంటూ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. పెద్ద నేరానికి కుట్ర పన్ని, ఆ నేరం జరిగిపోతే, కుట్రలో ఉన్న ప్రతివాడికీ అసలు నేరానికి పడేంత శిక్ష పడొచ్చు. విలువైన పత్రాల ఫోర్జరీకి పుస్తకంలో రాసింది యావజ్జీవం దాకా, లేదా పదేళ్ల దాకా. కానీ ఆ కేసు నడిచేది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర. ఆ కోర్టు తనంతట తాను మూడేళ్లకు మించి జైలు వేయలేదు. అంతకంటే ఎక్కువ అవసరమనుకుంటే చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఈ ముక్క చెప్పాక బావ ముఖంలోకి కాస్త నెత్తురొచ్చింది. సెక్షన్ పక్కన ఉండే అంకె ఒక్కటే చూసి భయపడేవాళ్లు ఎందరో.

అనుకున్న నేరం జరగకుండా ఆగిపోతే లెక్క వేరు. ఉరి, యావజ్జీవం పడే నేరమైతే ఏడేళ్ల దాకా. మిగతా జైలు శిక్షల నేరాలైతే ఆ శిక్షలో నాలుగో వంతు దాకా. చిల్లర నేరాలకు కుట్ర అంటే ఆరు నెలలకు మించదు.

మన ఓరుగల్లుకు కొత్తేం కాదు

ఐపీసీ 1860లో వచ్చినప్పుడు ఈ సెక్షన్ లేదు. కుట్ర అంటే నేరానికి ప్రేరేపించడంలో ఒక రకంగానే ఉండేది, దానికీ ఏదో ఒక చర్య జరిగి ఉండాల్సిందే. 1912 డిసెంబరులో ఢిల్లీ చాందినీ చౌక్‌లో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు పడింది. మరుసటి ఏడే, 1913లో, 120-ఏ, 120-బి పుట్టాయి. మన దగ్గర నిజాం రాజ్యంలో వేరే శిక్షాస్మృతి ఉండేది, ఐపీసీ ఇక్కడిదాకా వచ్చింది 1951లో. తెల్లదొరల భయంలోంచి పుట్టిన సెక్షన్ మనకు స్వాతంత్ర్యం వచ్చాక దిగిందన్నమాట.

దాని వాడకం మా తరానికి బాగానే తెలిసింది. విప్లవ రచయితల మీద 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసు 1989లో కొట్టేశారు. వరంగల్ సీకేఎం కాలేజీలో పాఠాలు చెప్పిన వరవరరావు అందులో ముద్దాయి. కవి చెరబండరాజు కూడా ముద్దాయే, తీర్పు రాకముందే 1982లో కన్నుమూశాడు. 1986లో పెట్టిన రాంనగర్ కుట్ర కేసు 2003 దాకా సాగి, అదీ కొట్టుడుపోయింది. ఆ రాజకీయాలతో ఏకీభవించేవాళ్లు, ఏకీభవించనివాళ్లు మనలో ఇద్దరూ ఉన్నారు. నేను రెండో రకం. అయినా పదిహేనేళ్లు, పదిహేడేళ్లు వాయిదాలకు తిప్పి చివరికి నిర్దోషులని పంపించడం ఏ రాజకీయమైనా సమర్థించలేని సంగతి.

అప్పట్లో ఆ సెక్షన్ పెద్ద పెద్ద కేసులకే అనుకునేవాళ్లం. ఇప్పుడు ప్లాటు గొడవలో, చిట్టీ డబ్బుల గొడవలో, సొసైటీ ఎన్నికల గొడవలో కూడా దిగుతోంది. జిల్లా పేజీ తిరగేయండి, ముసుగులు వేసి వెనక వరసగా నిలబెట్టిన ఫోటో, ముందు బల్ల మీద సెల్‌ఫోన్లు, కింద “కుట్ర పన్ని” అన్న వాక్యం. “నిందితులు నేరాన్ని అంగీకరించారు” అని కూడా రాస్తారు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని ఆ వార్త రాసిన విలేకరికి తెలియదంటే నేను నమ్మను.

రెండు బ్యాటరీలు

తెలిసి చేయడానికి, తెలియక చేయడానికి మధ్య ఎంత దూరమో చెప్పాలంటే నాకు పేరరివాలన్ కేసు కంటే మంచి ఉదాహరణ దొరకదు. రాజీవ్ గాంధీ హత్య కేసులో 1991లో అరెస్టయ్యేనాటికి అతనికి 19 ఏళ్లు. అతని మీద పడ్డ ముఖ్యమైన ఆరోపణ, రెండు 9 వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడని. కొట్లో ఎవరైనా కొనుక్కునే వస్తువు. అవి దేనికో తెలిసి కొన్నాడా లేదా అన్నదే కేసు మొత్తం. తెలిసే కొన్నానని చెప్పినట్టు వాంగ్మూలంలో ఉంది. ఉగ్రవాద కేసులకు తెచ్చిన టాడా చట్టం కింద పోలీసు అధికారి నమోదు చేసిన వాంగ్మూలం కూడా చెల్లేది. దాన్ని నమోదు చేసిన సీబీఐ అధికారి రిటైరయ్యాక 2013లో చెప్పాడు, బ్యాటరీలు ఎందుకో తనకు తెలియదని పేరరివాలన్ అన్న మాటను తాను రాయలేదని. 2022 మే నెలలో సుప్రీంకోర్టు అతణ్ని విడుదల చేసేనాటికి ముప్ఫై ఏళ్లు దాటిపోయాయి.

అదే కేసులో 1998 జనవరిలో టాడా కోర్టు 26 మందికి 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999లో సుప్రీంకోర్టు నలుగురికి ఉరి ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవం వేసి, 19 మందిని వదిలేసింది. ఒకే కుట్ర, అవే కాగితాలు. తేడా ఎక్కడొచ్చిందంటే, పై కోర్టు ఒక్కొక్కణ్ని విడిగా నిలబెట్టి, హంతకులతో పరిచయం ఉండటం వేరు, ఆశ్రయమివ్వడం వేరు, చంపుదామన్న ఒప్పందంలో ఉండటం వేరు అని చూసింది.

నేను అడుగుతున్నది ఆ పనే. అది ఎనిమిదేళ్ల తర్వాత ఢిల్లీలో కాకుండా మొదటి మెట్టు మీదే జరగాలంటున్నాను.

అదాలత్ దగ్గరి మాట

ఈ వాదన పట్టుకుని హనుమకొండ అదాలత్ సెంటర్‌లో ఒక వకీలు మిత్రుడి దగ్గర కూర్చున్నాను. నా దగ్గర చదువుకున్నవాడే. అంతా విని నవ్వాడు. “సార్, మీరు చెప్పినట్టు చేస్తే సుపారీ ఇచ్చినోడు ఒక్కడు కూడా దొరకడు. కుట్ర పన్నేటోడు నోటు బుక్కులో రాసుకోడు గద.”

అతను చూపించింది మిర్యాలగూడ. 2018లో కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ను సుపారీ తీసుకుని ఆసుపత్రి ముందు నరికింది ఒక్కడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఆ ఒక్కడికి ఉరిశిక్ష వేసింది, మిగతా ఆరుగురికి యావజ్జీవం. ఆ ఆరుగురి చేతుల్లో కత్తి లేదు. సెక్షన్ లేకుంటే బేరం కుదిర్చినవాడూ, డబ్బు చేరవేసినవాడూ ఇంట్లో కూర్చుని టీవీలో వార్త చూసేవాళ్లు. ఆ తీర్పు వచ్చిన రోజు న్యాయం జరిగిందని నేనూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇంకో మాట కూడా అన్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టూ సాక్షి సంతకాలే వృత్తిగా బతికేవాళ్లు ఉన్నారని, దొంగ డాక్యుమెంట్ల ముఠాలకు వాళ్లు కావాల్సినవాళ్లని, పోలీసులు సాక్షిని అనుమానించడంలో తప్పేముందని. దీనికి నా దగ్గర సమాధానం లేదు. అనుమానించాల్సిందే. కానీ అలాంటివాడి సంతకం పది డీడ్ల మీద ఉంటుంది, అవి తీసి చూపిస్తే ఒప్పందం ఉందని నమ్మడానికి ఆధారం దొరికినట్టే. బావ సంతకం ఇంకే డీడ్ మీదైనా ఉందేమో వెతికినట్టు ఛార్జిషీటులో ఒక్క ముక్క లేదు.

కుట్రకు సూటి సాక్ష్యం దొరకదన్నది నిజమే. అందుకే చట్టం ఒక ప్రత్యేక వెసులుబాటు ఇచ్చింది. కుట్ర ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే, ఉమ్మడి ఉద్దేశం గురించి అందులో ఒకడు అన్నది, చేసినది, రాసినది మిగతావాళ్ల మీద కూడా సాక్ష్యమే. పాత సాక్ష్య చట్టంలో 10వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 8వది. దీనికీ ఒక హద్దుంది. కుట్ర నడుస్తున్నప్పటి మాటలే పనికొస్తాయి. అంతా అయిపోయాక, దొరికాక ఒకడు ఇంకొకడి పేరు చెబితే ఈ సెక్షన్ కింద చెల్లదని 1940లో మీర్జా అక్బర్ కేసులో అప్పటి అన్నిటికంటే పై కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఏ-1ను స్టేషన్లో కూర్చోబెట్టి రాయించిన పేర్ల జాబితా ఎంత బరువుందో దీన్నిబట్టి చూసుకోవచ్చు. ఆ జాబితా మీదే సగం కేసుల్లో ఏ-4, ఏ-5, ఏ-6లు పుడుతున్నారని అనుమానం, నా ఒక్కడిదే కాదు, ఆ వకీలు మిత్రుడిది కూడా.

ఇంత వెసులుబాటు ఇచ్చిన సెక్షన్‌కు కాపలా కూడా గట్టిగా ఉండాలి కదా. సుప్రీంకోర్టుకూ ఈ బాధ తెలుసు. కుట్ర సెక్షన్ ఒక్కటి ఉంటే చాలు మనీ లాండరింగ్ కేసు పెట్టొచ్చన్న వాదనను 2023 నవంబరులో పావనా డిబ్బూర్ కేసులో ఒప్పుకోలేదు. ఏ నేరం కోసం కుట్ర పన్నారో ఆ నేరం మనీ లాండరింగ్ చట్టం షెడ్యూల్లో ఉండాలంది.

తీర్పుకు ముందే పడే శిక్ష

విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని బావ తరఫున డిశ్చార్జ్ పిటిషన్ వేశాం. కాల్ డేటాలో ఉన్న ఫోన్లన్నీ దుక్కుల కాలంలోవే. బావ దగ్గర ట్రాక్టర్ పద్దు పుస్తకం ఉంది, నూనె మరకలతో, అట్ట ఊడిపోయి. ఏ-1 పేరు కింద ఎన్ని గంటలు కల్టివేటర్, ఎన్ని గంటలు రొటోవేటర్, ఎంత ఇచ్చాడు, ఎంత బాకీ అన్నీ తేదీలతో ఉన్నాయి. ఆ తేదీలూ కాల్ డేటా తేదీలూ పక్కపక్కన పెడితే జతపడిపోతున్నాయి. సేల్ డీడ్ నాటి ఫోన్ ఒక్కటే వేరు. ఇది చూపిస్తే పని అయిపోతుందని సంబరపడ్డాను.

వకీలు ఆ పుస్తకం పక్కన పెట్టేశాడు. ఛార్జి ఖరారు చేసే దశలో ముద్దాయి తెచ్చిన కాగితాలు చూడనక్కర్లేదని 2004లో దేబేంద్రనాథ్ పాధి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు పెట్టిన కాగితాల మీదే చూడాలి, బలమైన అనుమానం కనిపిస్తే చాలు, విచారణకు పంపాలి. మాట్లాడుకున్నారని కాల్ డేటా చెబుతోంది, ఏం మాట్లాడుకున్నారో చెప్పే పుస్తకం మాత్రం సాక్ష్యాలన్నీ అయ్యాక, డిఫెన్స్ వంతు వచ్చినప్పుడు. పిటిషన్ కొట్టేశారు.

పాధి తీర్పు వెనక తర్కం నాకు అర్థం కాకపోలేదు. ఛార్జి దశలోనే రెండు వైపులా కాగితాలు విప్పితే అక్కడే ఇంకో విచారణ మొదలవుతుంది. మామూలు నేరాలకు అది సరే. దొంగతనం కేసులో కనీసం పోయిన సొత్తు ఉంటుంది, కొట్లాట కేసులో గాయం ఉంటుంది. కుట్రలో ఏం జరిగిందన్నది మనసులో, మాటలో ఉంటుంది కాబట్టి అక్కడ అనుమానం పుట్టించడం చాలా తేలిక. పరిచయం, ఫోను, సంతకం మూడూ కలిస్తే చాలు. అందుకే ఈ ఒక్క సెక్షన్ దగ్గరైనా, అనుమానానికి మించి ఆ మనిషికి సంగతి తెలుసని చూపే ఒక్క ఆధారం ఉందా అని కోర్టు అడగాలంటాను.

విచారణ అంటే ఏమిటో తిరిగినవాళ్లకు తెలుసు. పొద్దున్నే బస్సెక్కి వాయిదాకు రావడం, రాలేకపోతే ఆ రోజుకు పిటిషన్ వేయించుకోవడం, అది మరిచిపోతే వారంట్. జమానతుకు ఇద్దరిని బతిమాలుకోవడం. బావకు ఇల్లూ పొలం ఉన్నాయి, తట్టుకుంటాడు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఏ-5. రెండో సాక్షి. ఆఫీసు పక్క జిరాక్స్ సెంటర్లో పనిచేసిన పిల్లగాడు. గల్ఫ్ పోదామని పాస్‌పోర్టుకు పెడితే వెరిఫికేషన్లో కేసు బయటపడింది. కేసు పెండింగ్‌లో ఉంటే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఆ ఉత్తర్వులో ఎన్నేళ్లకో రాయకపోతే ఏడాది పాస్‌పోర్టే ఇస్తారు. “ఏడాది పాస్‌పోర్టు చూసి వీసా ఎవడిస్తడు సార్” అన్నాడు. వాడి దగ్గర కేసు కొట్టేయించుకునే డబ్బు లేదు, కేసు కొట్టేసేదాకా ఆగే వయసు లేదు.

కొన్న పెద్దాయన

ఇంతా రాశాక, మోసపోయిన మనిషి మాట చెప్పకపోతే అన్యాయం. భూపాలపల్లి పెద్దాయన కోర్టు వరండాలో ఒకసారి నన్ను నిలేశాడు. “మీ బావ ముందర ఉన్నోణ్ని ఎరుగుదునని సంతకం పెట్టిండు గద సార్. గనిల సంపాదించిన పైసలు నావి. ఆ సంతకం లేకుంటే రిజిస్ట్రేషన్ అయితుండెనా?”

అయ్యేది కాదు. అమ్మేవాడు ఫలానా మనిషేనని రిజిస్ట్రారుకు గుర్తుపట్టి చెప్పడానికే ఆ సాక్షులు. బావ ఎరగని మనిషిని ఎరిగినట్టు సంతకం పెట్టాడు. అది చిన్న తప్పని నేను ఎవరితోనూ అనను, బావతోనూ అనలేదు. ఆ నిర్లక్ష్యానికి సివిల్ కోర్టులో నష్టపరిహారం వేసినా నోరెత్తడు. కానీ నిర్లక్ష్యంగా సంతకం పెట్టినవాడికి, దొంగ యజమానిని తెచ్చి నిలబెట్టినవాడికి ఒకే సెక్షన్ ఎలా? మొదటివాడికి ఒప్పందమే లేదు. దేనికి ఒప్పుకున్నాడో తెలియనివాడు ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది?

పెద్దాయనకు నేను చెప్పింది ఇంకో సంగతి. ఆ రోజు ఆఫీసుకు ఎవరు పిలిచారు, దొంగ యజమాని పక్కన ఎవరు నిలబడ్డారు, బయట చాయ్ దగ్గర ఎవరు ఎవరికి కవరు ఇచ్చారు, ఇవన్నీ చూసినవాళ్లు బావ, ఆ జిరాక్స్ పిల్లగాడు. వాళ్లను ప్రాసిక్యూషన్ సాక్షులుగా పెడితే ఏ-1 మీద కేసు గట్టిపడేది. నిందితులను చేశారు కాబట్టి ఇప్పుడు ఇద్దరూ నోరు విప్పరు. తమకు వ్యతిరేకంగా చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3)లోనే ఉంది, వకీళ్లు కూడా మాట్లాడొద్దనే చెబుతారు. అప్రూవర్‌గా మారే దారి ఉంది గానీ, దానికి ముందు నేరంలో నాకూ పాలుంది అని ఒప్పుకోవాలి. చేయని కుట్ర ఒప్పుకుని సాక్ష్యం చెప్పమంటే ఎవడు చెబుతాడు? అందరినీ ఒకే తాడుకు కట్టేసరికి అసలువాణ్ని చూపించే వేలు కూడా ఆ కట్టలోనే ఇరుక్కుంది.

పెద్దాయన కాసేపు ఆలోచించి, “అయితే ఈ ముక్క మా పీపీ సారుకు చెప్తె అయితదా?” అని అడిగాడు. నాకు తోచింది చెప్పాను. విచారణ మొదలయ్యాక కూడా తీర్పుకు ముందు ఎప్పుడైనా, కోర్టు ఒప్పుకుంటే, పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఒక నిందితుడి మీద కేసు వెనక్కి తీసుకోవచ్చు. అడగడంలో తప్పు లేదు. బావ వకీలు కూడా అదే దరఖాస్తు రాస్తున్నాడు, ట్రాక్టర్ పద్దు జిరాక్స్ జతపరిచి. ఫిర్యాదు చేసిన పెద్దాయన అడ్డు చెప్పకపోతే మా పని కొంత తేలికవుతుంది. ఆయన ఇంకా అవునని గానీ కాదని గానీ అనలేదు.